చేప పిల్లలో గుండె ఎలా తయారవుతుంది?



ఈ పాఠానికి కారణం మన పిల్లల వార్డులో ఒక తల్లి అడిగిన ప్రశ్న. ఆమె బాబుకు నాలుగు నెలలు. పాలు త్రాగేటప్పుడు ఆయాసం, నుదుటిన చెమటలు, బరువు పెరగకపోవడం చూసి తీసుకొచ్చారు. ఎకో పరీక్షలో గుండె క్రింది గదుల మధ్య గోడకు చిల్లు ఉన్నదని తెలిసింది. డాక్టరుగారు వివరంగా చెప్పి వెళ్ళారు. రాత్రి రౌండుకు నేను వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మేట్రనమ్మా, గ్రహణం నాడు నేను కూరగాయలు తరిగానని మా అత్తమ్మ అంటోంది. అందుకే బాబు గుండెకు చిల్లు పడిందా?" అని అడిగింది.

లేదమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఆమె ఊరుకోలేదు. "మరి ఎందుకు పడింది?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బిడ్డను చూచినప్పుడు, "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? ఏ మాత్రలు వేసుకున్నావు?" అని ఒక తల్లిని నలుగురి ముందు గద్దించి అడిగాను. ఆమె తల దించుకుని ఏడ్చింది. నేనేదో మంచి ప్రశ్న వేశాననుకుని చార్టు వ్రాసుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ ముఖం నాకు గుర్తుంది.

ఈసారి ఊరికే ఉండకుండా మన పిల్లల డాక్టరుగారిని అడిగాను. ఆయన నవ్వి, "సిస్టర్, గుండె తయారవుతుంటే చూస్తారా?" అని కంప్యూటరులో ఒక వీడియో చూపించారు. అది మనిషి గుండె కాదు. చేప పిల్ల గుండె. ఆ తరువాత ఆయన ఇచ్చిన పుస్తకాలు కొన్ని చదివాను, అర్థం కానివి విసుగు పుట్టేంతగా అడిగాను. నేను చదివింది నర్సింగు డిప్లొమా మాత్రమే. కనుక నాకు అర్థమైన భాషలోనే వ్రాస్తున్నాను.

ఆ చేప పేరు జీబ్రా చేప. వేలెడంత పొడవు, ఒంటి మీద నీలం చారలు. అక్వేరియం దుకాణాల్లో మీరు చూసే ఉంటారు. ఇది మన దేశపు చేపే. గంగానది చేపల గురించి 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు ప్రకటించిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించారు. తరువాత ఇది అమెరికా వెళ్ళింది. అక్కడ ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త 1970 తరువాతి సంవత్సరాల్లో దీన్ని పరిశోధనకు మలచుకున్నారు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో కూడా ఉన్నాయి.

దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, మొదటిది, దీని గ్రుడ్డు తల్లి కడుపులో కాక బయట నీటిలో పెరుగుతుంది. రెండవది, పిండం గాజులాగా ఉంటుంది. కోయకుండా, సూది గుచ్చకుండా మైక్రోస్కోపు క్రింద పెడితే లోపల జరిగేదంతా కనబడుతుంది. మూడవది నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. పిండం ఎంత చిన్నదంటే, నీటిలోని ఆక్సిజన్ నేరుగా ఒంటిలోకి ఇంకుతుంది. అందువల్ల గుండె అసలు పనిచేయకపోయినా అది కొన్ని రోజులు బ్రతికే ఉంటుంది. కోడి పిల్లలోనో ఎలుక పిల్లలోనో గుండె చెడిపోతే పిండం వెంటనే చనిపోతుంది, ఏం జరిగిందో చూసే వ్యవధి ఉండదు. ఇక చేపకూ మనకూ ఏమి పోలిక అంటారా? ఈ చేప జన్యువులన్నిటినీ చదివి 2013లో ప్రకటించారు. మనిషి జన్యువుల్లో నూటికి 70కి ఈ చేపలో జత ఉన్నదట.

ఇక పొరల సంగతి. నర్సింగు మొదటి సంవత్సరంలో మేము బట్టీ పెట్టిన పాఠమే ఇది. ఫలదీకరణం జరిగాక కణం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ పోతుంది. ఒక దశలో ఆ కణాల గుంపు మూడు పొరలుగా సర్దుకుంటుంది. పై పొర బహిస్త్వచం. దాని నుండి చర్మం, మెదడు, నరాలు వస్తాయి. లోపలి పొర అంతస్త్వచం. దాని నుండి ప్రేగుల లోపలి గోడ, కాలేయం, మనలోనైతే ఊపిరితిత్తుల లోపలి గోడ కూడా వస్తాయి. నడిమి పొర మధ్యస్త్వచం. ఎముకలు, కండరాలు, రక్తం, మూత్రపిండాలు దానివి. గుండె కూడా దానిదే. పరీక్షలో "గుండె ఏ పొర నుండి?" అంటే "మధ్యస్త్వచం" అని వ్రాసి మార్కు తెచ్చుకున్నాం. అంతటితో మరచిపోయాం. మిగిలిన రెండు పొరలకు గుండెతో పని ఏమిటని మేము అడగలేదు, మాకెవరూ చెప్పలేదు.

చేపలో ఈ పని జరిగే వేగం చూడండి. ఈ చేపలు తెల్లవారగానే గ్రుడ్లు పెడతాయి. సుమారు 5 గంటలు గడిచేసరికి కణాలు పచ్చసొన మీద దుప్పటిలాగా క్రిందికి జారుతూ, అంచు దగ్గర లోపలికి మడుచుకోవడం మొదలుపెడతాయి. పొరలు ఏర్పడేది అప్పుడే. గుండె కావలసిన కణాలు ఆ వేళకు పిండానికి రెండు ప్రక్కల అంచుల్లో ఉంటాయి. 15 గంటలకు తల వెనుక కుడివైపు ఒక వరుస, ఎడమవైపు ఒక వరుసగా చేరుతాయి. అంటే మొదట గుండె ఒకటి కాదు, రెండు సగాలు. ఈ రెండు వరుసలు మధ్యకు నడిచి 18, 19 గంటల సమయానికి కలుసుకుంటాయి. కలిసినవి గొట్టంగా మారి, 24 గంటలకు, అంటే మరునాటి ఉదయానికి, కొట్టుకుంటూ ఉంటాయి. 36 గంటలకు గొట్టం వంపు తిరుగుతుంది. 48 గంటలకు కర్ణిక, జఠరిక అనే రెండు గదులు స్పష్టంగా తెలుస్తాయి. చేపకు ఆ రెండే గదులు. మనకు నాలుగు.

నేను వీడియోలో చూసింది ఆ 15 గంటల నుండి 24 గంటల వరకు జరిగే భాగం. దాన్ని రెండు నిమిషాలకు కుదించారు. చీకటిలో పచ్చగా మెరిసే రెండు గీతలు ఒకదాని వైపు ఒకటి రావడం, తాకడం, ముడుచుకోవడం, ఆ తరువాత హఠాత్తుగా ఒక కదలిక. ఆ మొదటి కొట్టు చూచినప్పుడు నేను కుర్చీలో నుండి లేచాను.

అయితే ఆ కణాలకు మధ్యకు నడవాలని ఎవరు చెప్పారు? ఇక్కడే పొరల విషయం వస్తుంది.

1990 తరువాత జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానే న్యూస్లైన్ ఫోల్హార్డ్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో మరొక బృందం వేలకొద్దీ చేప కుటుంబాలను పెంచి, జన్యువుల్లో మార్పు వచ్చిన పిల్లలను ఏరి, ఏ భాగం చెడిందో చూశారు. ఫలితాలు 1996లో ఒకేసారి వెలువడ్డాయి. వాటిలో గుండె సరిగా ఏర్పడనివి చాలా ఉన్నాయి. కొన్నింటిలో ఒక వింత కనబడింది. కుడివైపు ఒక గుండె, ఎడమవైపు ఒక గుండె, రెండూ విడివిడిగా కొట్టుకుంటున్నాయి. సగాలు మధ్యకు రాలేదు. ఎక్కడివక్కడే నిలిచిపోయి చేతనైనంత గుండె కట్టుకున్నాయి.

శాస్త్రవేత్తలు ఈ రకాలకు పెట్టిన పేర్లు చూస్తే వాళ్ళకూ కొంచెం సరదా ఉందనిపిస్తుంది. ఒకదాని పేరు 'మైల్స్ అపార్ట్', అంటే మైళ్ళ దూరం. ఇంకొకదాని పేరు 'కాసనోవా'. పూర్వం ఇటలీలో అనేకమందిని ప్రేమించి పేరుపడిన మనిషి పేరు అది. రెండు గుండెలున్న చేపకు తగిన పేరే అని డాక్టరుగారు నవ్వారు. నేను నవ్వకుండా ఉండాలని ప్రయత్నించాను.

కాసనోవా చేపను డిడియర్ స్టేనియర్ బృందం 1999లో వివరించింది. అందులో చెడింది గుండె కణాలు కావు. గుండె కణాలు ఉన్నాయి, కొట్టుకుంటున్నాయి కూడా. లేనిది లోపలి పొర. అంతస్త్వచం అసలు ఏర్పడలేదు. ప్రేగు కావలసిన పొర లేకపోతే గుండె రెండుగా మిగిలింది! ఇంకొక ప్రయోగంలో ఇలాంటి లోపమున్న పిండాల్లోకి లోపలి పొర అయ్యే కణాలను ప్రవేశపెట్టారు. గుండె సగాలు తిరిగి మధ్యకు చేరాయి. 

మన పొలాలతో పోల్చి చెబుతాను. దమ్ము చేసిన మడికి అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు కూలీలు నిలబడి ఉన్నారు. వాళ్ళు కలుసుకోవాలంటే మధ్యలో గట్టు ఉండాలి. వానకు గట్టు కొట్టుకుపోతే కూలీలు ఎంత మంచివాళ్ళయినా, ఎంత బలమైనవాళ్ళయినా ఎవరి ఒడ్డున వాళ్ళు ఉండిపోతారు. గుండె కణాలు ఆ కూలీలు. లోపలి పొర ఆ గట్టు.

మైల్స్ అపార్ట్ చేప ఈ విషయాన్ని ఇంకా గట్టిపరిచింది. 2000వ సంవత్సరంలో దాని జన్యువు దొరికింది. ఒక రకం కొవ్వు పదార్థం తెచ్చే సంకేతాన్ని అందుకునే గ్రాహకం అది. అప్పుడు ఒక చక్కని పరీక్ష చేశారు. లోపమున్న పిండం నుండి గుండె కణాలు తీసి మంచి పిండంలో పెట్టారు. అవి హాయిగా మధ్యకు నడిచాయి. మంచి కణాలను లోపమున్న పిండంలో పెట్టారు. అవి నడవలేదు. అంటే లోపం నడిచేవారిలో లేదు, దారిలో ఉంది. ఆ కొవ్వు సంకేతం పచ్చసొనను అంటి ఉన్న పొర నుండి బయటికి వస్తుందని, లోపలి పొర దాన్ని అందుకుంటుందని తరువాతి సంవత్సరాల్లో తెలిసింది. ఫింగోలిమోడ్ అనే నరాల జబ్బు మందు పనిచేసేది ఇదే కుటుంబపు గ్రాహకాల మీద. ఆ మందు మొదటి మోతాదు ఇచ్చినప్పుడు 6 గంటలు నాడి చూస్తూ ఉండమంటారు. ఎందుకంటే గుండె వేగం తగ్గవచ్చు. చేప పిల్లలో గుండెకు దారి చూపించే కుటుంబమే పెద్దవాళ్ళ నాడినీ పట్టుకుంటుందని చదివి నాకు వింతగా తోచింది.

2004లో ఇంకొక సంగతి బయటపడింది. లోపలి పొరకూ గుండె కణాలకూ మధ్య ఫైబ్రోనెక్టిన్ అనే జిగురు పదార్థం పరచుకుని ఉంటుంది. అది లేని చేపలో కూడా గుండె రెండుగానే మిగిలింది. గట్టు ఉన్నా కాలు ఆనే పట్టు లేకపోతే నడక సాగదన్నమాట.

ఇక్కడ నా గట్టు పోలికను కొంచెం దిద్దాలి. గట్టు కదలదు. లోపలి పొర మాత్రం కదులుతుంది. కోడి పిండంలో లోపలి పొర తానే ముడుచుకుని, తన మీద ఉన్న గుండె కణాలను మధ్యకు లాగుతుందని 2012లో చూపించారు. కళ్ళంలో పట్టా పరచి వడ్లు ఆరబోస్తాం కదా. మబ్బు పట్టగానే పట్టా నాలుగు అంచులు లాగితే గింజలన్నీ నడుమకు చేరతాయి. గింజ నడవలేదు, పట్టా తెచ్చింది. గుండె కణాల విషయంలో కొంత సొంత నడక, కొంత పట్టా లాగుడు.

కోడి పిండంతో ఈ పని చేప కంటే చాలా ముందే మొదలైంది. 1959లో డీహాన్ అనే శాస్త్రవేత్త లోపలి పొరను మధ్యలో కోసి, కోడి పిండంలో రెండు గుండెలు ఏర్పడడం చూపించారు. 1995లో ఇంకా ముందుకు వెళ్ళారు. మామూలుగా రక్తంగా మారవలసిన వెనుక భాగపు మధ్యస్త్వచాన్ని తీసి, తల వైపు అంతస్త్వచంతో జతచేసి పెంచితే అది కొట్టుకునే గుండె కండరం అయింది. కోడిలో లోపలి పొర దారి చూపడమే కాదు, "నువ్వు గుండెవు కమ్ము" అని చెప్పగలదు కూడా. చేపలో లోపలి పొర లేకపోయినా గుండె కణాలు పుడుతున్నాయి కాబట్టి అక్కడ ఆ మాట చెప్పడానికి వేరే ఏర్పాటు కూడా ఉండాలి. ఎలుకలో 1997లో గాటా-4 అనే జన్యువును తీసేస్తే ఇదే రెండు గుండెల లోపం వచ్చింది, పిల్లలు గర్భంలోనే చనిపోయాయి. లోపలి పొరలో ఆ జన్యువు సరిగా ఉంటే చాలు, గుండె కుదిరింది.

పై పొరకు కూడా వాటా ఉంది. వెన్నుపాము కట్టుకునే చోట బహిస్త్వచపు అంచు నుండి కొన్ని కణాలు విడిపోయి దూర ప్రయాణం చేస్తాయి. వాటిలో కొన్ని గుండె నుండి బయటకు పోయే పెద్ద రక్తనాళం దగ్గరకు వస్తాయి. మార్గరెట్ కర్బీ 1983లో కోడి పిండంలో ఆ కణాలను తీసివేస్తే, పుట్టవలసిన రెండు పెద్ద నాళాల మధ్య గోడ ఏర్పడలేదు.

ఇప్పుడు మన వార్డుకు వద్దాం. మనిషి పిండంలోనూ గుండె మూడవ వారంలో రెండు ప్రక్కల మొదలై, ముందువైపు మడతపడే కదలికతో మధ్యకు వచ్చి ఒకటవుతుంది. ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలవుతుంది. దీన్ని నెలసరి లెక్కలో చూడండి. ఫలదీకరణ నెలసరి మొదటిరోజు నుండి సుమారు 14వ రోజున అనుకుంటే, గుండె కొట్టుకునేది 36వ రోజుకు. అంటే నెలసరి తప్పి వారం రోజులు. "ఈ నెల కొంచెం ఆలస్యమైందేమో" అని ఆమె అనుకునే వేళకు లోపల గుండె కొట్టుకుంటోంది. ఫలదీకరణ నుండి 8 వారాలు గడిచేసరికి గదుల మధ్య గోడలు కూడా చాలావరకు పూర్తి. మన ఓ.పి.కి మూత్ర పరీక్షకు వచ్చేవారిలో చాలామందికి ఆ పని సగంలో ఉంటుంది, కొందరికి అయిపోయే ఉంటుంది.

పుట్టిన ప్రతి 1000 మందిలో సుమారు 8 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఇన్ని పొరలు, ఇన్ని సంకేతాలు, ఇంత నడక, ఇన్ని గోడలు ఇంత తక్కువ కాలంలో కుదరాలి కనుక, 992 మందిలో సరిగా కుదరడమే నాకు ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

చేప నేర్పిన పాఠం పిల్లల వార్డులో కనబడే ఒక సంగతిని కూడా విప్పింది. కొందరు పసిపిల్లలకు గుండె పెద్ద నాళాల్లో లోపంతోపాటు కాల్షియం తగ్గి ఫిట్స్ వస్తాయి. గుండెకూ కాల్షియానికీ ఏమిటి సంబంధమని నేను అనుకునేదాన్ని. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించడం వల్ల వచ్చే స్థితి అది. కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు, థైమస్ గ్రంథి గొంతు దగ్గరి లోపలి పొర నుండి వస్తాయి. గుండె నుండి వచ్చే నాళాలు ఏర్పడేది ఆ పొరుగునే. పొరుగులో అలజడి వస్తే ఇద్దరికీ దెబ్బ తగిలింది. ఆ ముక్కలో ఉండే ఒక ముఖ్యమైన జన్యువు జీబ్రా చేపలో చెడితే ఇలాంటి లోపాలే కనబడ్డాయి. అలాగే ఎలుకలో చూసిన గాటా-4 జన్యువులో మార్పు కొన్ని కుటుంబాల్లో గుండె గోడల చిల్లులకు కారణమని 2003లో తెలిసింది.

తల్లులు నన్ను తప్పక అడిగేది, "అయితే మేము చేయగలిగింది ఏమీ లేదా?" అని. కొంత ఉంది. గర్భం మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళు, చెవులు, గుండె దెబ్బతినవచ్చు. ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు 1941లో దీన్ని గుర్తించారు. కనుక మీ పిల్లలకు మీజిల్స్-రుబెల్లా టీకా తప్పించవద్దు. గర్భం వచ్చాక ఈ టీకా వేయరు, ముందే వేయించుకోవాలి. షుగరు ఉన్న స్త్రీలు గర్భం రాకముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. ఎందుకంటే ప్రమాదం ఆ మొదటి వారాల్లోనే. మూర్ఛకు, మొటిమలకు వాడే కొన్ని మందులు మంచివి కావు. మీ అంతట మీరు మానవద్దు, డాక్టరుతో ముందుగా మాట్లాడండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భానికి ఒక నెల ముందు నుండి వేసుకోవాలి. ఇది ముఖ్యంగా వెన్నుపాము కోసం. మేనరికాల్లో పుట్టే పిల్లల్లో గుండె లోపాలు కొంత ఎక్కువ. ఈ మాట మన కుటుంబాల్లో చెప్పడం కష్టమని నాకు తెలుసు. అయినా వ్రాస్తున్నాను.

ఇవన్నీ పాటించిన తల్లికి కూడా ఇలాంటి బిడ్డ పుట్టవచ్చు. ఎక్కువమందిలో ఫలానా కారణమని వేలు పెట్టి చూపించలేము.

మరునాడు డాక్టరుగారిని అడిగి ఆ అమ్మాయిని, ఆమె అత్తగారిని కూడా కంప్యూటరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ముందు మంచి చేపను, తరువాత రెండు గుండెల చేపను చూపించాం. బాబు గుండె రెండుగా లేదని, గోడలో చిల్లు మాత్రమేనని, అది కూడా తాను గర్భవతినని ఆ అమ్మాయికి సరిగా తెలియకముందే కట్టుకోవలసిన గోడ అని చెప్పాను. గ్రహణం వచ్చింది ఎన్నో నెలలో అని అడిగాను. "ఏడో నెల" అంది. అత్తగారు వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, కాసేపు మాట్లాడలేదు. తరువాత, "రెండు గుండెలూ కొట్టుకుంటానే ఉన్నాయి, పాపం" అంది చేపను చూస్తూ.

బాబుకు నీరు తగ్గే మందు మొదలుపెట్టారు. పాలు పిండి, గిన్నెతో కొంచెం కొంచెంగా, రెండు గంటలకొకసారి పట్టడం నేర్పించాం. చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి గాని, ఇది అంత చిన్నది కాదు. కనుక ఆపరేషన్ కోసం పెద్దాసుపత్రికి చీటీ వ్రాశారు. వచ్చినప్పుడు బరువు 4 కిలోల 300 గ్రాములు. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు 4 కిలోల 850. ఈసారి బాబును ఎత్తుకున్నది అత్తగారు.